చరిత్రలోని ఖాళీ, కథలోని సంభావ్యత: ‘ఘాజీ’ చిత్రం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

1971 డిసెంబరు 3-4 తేదీల నడిరాత్రి విశాఖపట్నం రేవు ముఖద్వారం వెలుపల పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ మునిగిపోయింది. అది ఎలా మునిగిందన్న ప్రశ్నకు అందరూ అంగీకరించిన సమాధానం నేటికీ లేదు. ఆ ఖాళీలో కల్పించిన కథే సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘ఘాజీ’ (2017). యుద్ధచరిత్రను మార్చి చెప్పే చిత్రాలలో సంభావ్యతను ఏ ప్రమాణాలతో కొలవాలన్న ప్రశ్నను ఈ వ్యాసం ఆ చిత్రం ఆధారంగా చర్చిస్తుంది. ఇతివృత్త భేదాలను గురించి అలంకారశాస్త్రం చేసిన ఆలోచనను, ఆధునిక చరిత్రకారుల ప్రతిపాదనలను కలిపి చూస్తుంది. ‘యు-571’, ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రాలతో పోల్చి, వస్తుగత సంభావ్యత కంటే కారణగత సంభావ్యతే విమర్శకు ముఖ్యమని నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

కీలక పదాలు: ప్రత్యామ్నాయ చరిత్ర, గుప్త చరిత్ర, సంభావ్యత, మిశ్రేతివృత్తం, ఔచిత్యం, ఘాజీ, విశాఖపట్నం.

1. ప్రవేశిక

తెలుగు సినిమాకు చారిత్రక వస్తువు కొత్త కాదు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, మన్యం తిరుగుబాటు వెండితెరకు ఎక్కి ప్రజల జ్ఞాపకంలో చరిత్ర గ్రంథాల కంటే బలంగా నిలిచాయి. ఈ చిత్రాలపై వచ్చిన విమర్శ సాధారణంగా ‘జరిగింది జరిగినట్టు చూపారా లేదా’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. జరిగినదానికి భిన్నంగా, కానీ జరిగి ఉండవచ్చునన్న భ్రాంతి కలిగేట్టు చెప్పే కథలకు ఆ ప్రశ్న చాలదు. అటువంటి కథ చరిత్రను తప్పుగా చెప్పిందనడం తేలిక. ఎంతవరకు తప్పింది, ఎందుకు తప్పింది, ఆ తప్పుదల వల్ల ఎవరి పాత్ర చెరిగిపోయింది అన్నవి విచారించవలసిన విషయాలు.

ఈ విచారణకు విశాఖపట్నం తగిన క్షేత్రం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ పట్టణంపై బాంబులు వేశాయి. 1971 యుద్ధకాలంలో తూర్పు నౌకాదళ కమాండ్‌కు ఇదే కేంద్రం. అదే సంవత్సరం జనవరి 20న ఇక్కడ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. అప్పటికే నౌకానిర్మాణ కేంద్రం, చమురుశుద్ధి కర్మాగారం, ఓడరేవు ఒక్కచోట కూడి ఉన్న నగరం ఇది. ఈనాడు రామకృష్ణా బీచ్‌లో ‘కురుసుర’ జలాంతర్గామి ప్రదర్శనశాలగా నిలిచి ఉంది. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం కూడా అదే తీరంలో ఉంది. యుద్ధాన్ని పుస్తకంలో చదివేవారి కంటే ఒడ్డున నడుస్తూ చూసేవారే ఎక్కువైన నగరంలో సినిమా చెప్పిన కథ స్మారకాల అర్థాన్ని కూడా మార్చగలదు. ‘ఘాజీ’ చిత్రాన్ని పరిశీలించవలసిన అవసరం ఇక్కడ ఉంది.

2. ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం

ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడుగా విభజించడం దశరూపకకర్త ధనంజయుని కాలం నుండి ప్రసిద్ధం. రామరాజభూషణుడు వసుచరిత్ర అవతారికలో ఈ విభాగానికి విలువల క్రమం కల్పించాడు. పూర్తిగా కల్పించిన కథను కృత్రిమ రత్నంతోనూ, ఉన్నదున్నట్టు చెప్పిన పూర్వకథను గనిలో పుట్టిన రత్నంతోనూ, కవి కల్పన చేత శోభించే పూర్వకథను సానపట్టిన జాతిరత్నంతోనూ పోల్చాడు. ఈ ఉపమానంలో గమనించవలసిన అంశం ఒకటుంది. సాన పట్టడం రత్నాన్ని అరగదీస్తుంది గాని వేరే రాయిగా మార్చదు. మిశ్రేతివృత్తంలో కల్పనకు ఉన్న స్వేచ్ఛ, దానికి ఉన్న హద్దు రెండూ ఆ ఒక్క పోలికలోనే ఉన్నాయి.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్యోతంలో మరింత సాహసం చూపాడు. వచ్చిన కథలో రసానికి ప్రతికూలమైన ఘట్టం ఉంటే కవి దానిని విడిచి, రసానుగుణమైన కథను కల్పించుకోవచ్చునన్నాడు. కథ నడిపించడం మాత్రమే కవి ప్రయోజనం కాదని, ఆ పని ఇతిహాసమే చేస్తుందని అతని వాదం. అయితే రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదని హెచ్చరించినవాడు కూడా అతడే. కుంతకుడు ప్రకరణవక్రతను వివరిస్తూ శాకుంతలంలోని దుర్వాసశాపాన్ని ఉదాహరించాడు. భారతకథలో లేని ఆ శాపం దుష్యంతుని మరపునకు కారణం చూపింది. ఫలితం మారలేదు, కారణం మారింది, కారణం మారడంతో నాయకుని శీలమే మారిపోయింది. చరిత్రను తిరగరాసే సినిమాను అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన పూర్వోదాహరణ దొరకదు.

పాశ్చాత్య చింతనలోనూ ఈ చర్చ పాతదే. జరిగినది చెప్పడం చరిత్రకారుని పని అనీ, సంభావ్యతను బట్టి గాని అనివార్యతను బట్టి గాని జరగగలిగినది చెప్పడం కవి పని అనీ అరిస్టాటిల్ విభజించాడు. ఇరవయ్యో శతాబ్దిలో ‘అలా జరగకపోయి ఉంటే’ అన్న ప్రశ్నలను ఇ.హెచ్.కార్ కాలక్షేపపు ఆటగా తోసిపుచ్చారు. నియాల్ ఫెర్గూసన్ 1997లో సంకలనం చేసిన ‘వర్చువల్ హిస్టరీ’లో దీనికి ఎదురువాదం చేశారు. ఆ కాలంలోని మనుషులు తమ ముందున్న మార్గాలుగా నిజంగా ఆలోచించినట్టు సమకాలిక ఆధారం ఉన్న ప్రత్యామ్నాయాలనే చరిత్రకారుడు పరిశీలించాలన్నది ఆయన నియమం. ఈ నియమం శాస్త్రానికి పెట్టినది, కళకు కాదు. అయినా కల్పన ఎంత దూరం వెళ్లిందో కొలిచేందుకు అది ఒక గీతగా ఉపకరిస్తుంది.

పై చర్చను అనుసరించి యుద్ధచిత్రాలను మూడు తరగతులుగా చూడవచ్చు. నిజమైన యుద్ధంలో కల్పిత వ్యక్తులను నిలిపి, యుద్ధగతిని మార్చనివి మొదటి తరగతి. రెండవ ప్రపంచయుద్ధ నేపథ్యంలో క్రిష్ తీసిన ‘కంచె’ (2015) అటువంటిది. చరిత్ర ఫలితాన్నే మార్చేవి రెండవ తరగతి. పారిస్ సినిమా హాలులో హిట్లర్‌ను చంపించిన ‘ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్’ (2009), నాజీల పాలనలో పడిన ఇంగ్లండును ఊహించిన ‘ఇట్ హ్యాపెన్డ్ హియర్’ ఈ తరగతివి. వీటినే సాధారణంగా ప్రత్యామ్నాయ చరిత్ర అంటారు. ఫలితాన్ని అలాగే ఉంచి, దాని వెనుక ఇంతవరకు ఎవరికీ తెలియని కారణం ఉన్నదని చెప్పేవి మూడవ తరగతి. వీటిని గుప్త చరిత్ర అనవచ్చు. ‘ఘాజీ’ ఈ మూడవ తరగతికి చెందుతుంది. దుర్వాసశాపం వంటి కల్పన ఇది.

3. 1971 డిసెంబరు: దొరుకుతున్న ఆధారాలు

‘ఘాజీ’ మొదట అమెరికా నౌకాదళపు ‘డయాబ్లో’. రెండవ ప్రపంచయుద్ధపు చివరి దశలో, 1945లో విధుల్లో చేరిన టెంచ్ తరగతి జలాంతర్గామి. 1964లో పాకిస్తాన్‌కు లీజుపై వెళ్లింది. తర్వాత తుర్కియేలో మరమ్మతులు పొందింది. 1971 నవంబరు 14న కరాచీ నుండి బయలుదేరి, శ్రీలంకను చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. విమానవాహక నౌక ‘విక్రాంత్’ను వెతికి ముంచడం, విశాఖ రేవు ముందు మందుపాతరలు పరవడం దాని లక్ష్యాలు.

అప్పటి తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ ‘ఎ సెయిలర్స్ స్టోరీ’ అన్న ఆత్మకథలో తాము పన్నిన వంచన వ్యూహాన్ని వివరించారు. ‘విక్రాంత్’ను రహస్యంగా అండమాన్ ప్రాంతానికి పంపి, అది విశాఖ దగ్గరే ఉందన్న భ్రాంతి కల్పించారు. పాతబడిన డిస్ట్రాయర్ ‘రాజ్‌పుత్’ను ‘విక్రాంత్’గా నటింపజేసి, పెద్ద నౌక సాగించేంత వైర్‌లెస్ సందేశాల రద్దీ సృష్టించారు. పెద్ద నౌకాదళం రానున్నదన్నట్టు నగరంలోని కాంట్రాక్టర్ల వద్ద భారీ ఎత్తున ఆహారపదార్థాలకు ఆర్డర్లు ఇచ్చారు. తల్లి ఆరోగ్యం గురించి అడుగుతూ ‘విక్రాంత్’ నావికుడొకడు పంపినట్టు ఒక మామూలు సందేశాన్ని బహిరంగంగా ప్రసారం చేయించారు. గూఢచారుల చెవిన పడాలనే ఈ ఏర్పాటంతా. ఈ కథనం ప్రకారం ‘ఘాజీ’ని విశాఖకు రప్పించినవి అంగడి పద్దులు, రేడియో రొద, ఒక తల్లి పేరున పుట్టిన అబద్ధం.

డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో ‘రాజ్‌పుత్’ రేవు కాలువ దాటి బయటకు వచ్చింది. సముద్రపు నీటిలో అసహజమైన కదలిక కనిపించిన చోట రెండు డెప్త్ చార్జీలను, అంటే నీటిలోపల పేలే బాంబులను, విడిచింది. కొద్ది నిమిషాలకు తీరం దద్దరిల్లే పేలుడు వినిపించింది. తరువాత మత్స్యకారులకు శిథిలాలు దొరికాయి. గజ ఈతగాళ్లు నౌకను గుర్తించారు. అందులోని 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ బతకలేదు.

వివాదం పేలుడు కారణం దగ్గర మొదలవుతుంది. ‘రాజ్‌పుత్’ దాడే కారణమని భారత కథనం. పరచుతున్న మందుపాతరలే పేలి నౌక నాశనమైందని పాకిస్తాన్ కథనం. బ్యాటరీల నుండి వెలువడిన హైడ్రోజన్ వాయువు అంటుకొని ఉండవచ్చునని మరికొందరి ఊహ. భారత నౌకాదళ చరిత్ర రాసిన వైస్ అడ్మిరల్ జి.ఎం.హీరానందాని ‘ట్రాన్సిషన్ టు ట్రయంఫ్’లో ఈ వాదాలను చర్చకు పెట్టారు. యుద్ధారంభానికి ముందే నౌక మునిగి ఉండవచ్చునన్న మాట కూడా సైనికాధికారుల రచనల్లో కనిపిస్తుంది. ఘటనకు సంబంధించిన పత్రాలు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. అందువల్ల ఇక్కడి ఖాళీ కవి ఊహించుకున్నది కాదు. ఫలితం నిశ్చితం, కారణం అనిశ్చితం. గుప్త చరిత్రకు ఇంతకంటే అనువైన భూమి అరుదు.

4. చిత్రకథనం: సంభావ్యత స్థాయులు

ఈ ఖాళీలో చిత్రం ‘ఎస్-21’ అనే భారత జలాంతర్గామిని ప్రవేశపెట్టింది. సైన్యంలో ఉన్న కొడుకును పోగొట్టుకున్న కెప్టెన్ రణవిజయ్ సింగ్ శత్రువును వెంటనే దెబ్బతీయాలంటాడు. అతన్ని అదుపులో ఉంచేందుకు వెళ్లిన లెఫ్టినెంట్ కమాండర్ అర్జున్ వర్మ యుద్ధం ప్రకటించకుండా కాల్పులు జరపరాదంటాడు. వారిద్దరి మధ్య ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ దేవరాజ్ నిలుస్తాడు. ‘ఘాజీ’ ముంచిన వాణిజ్యనౌక నుండి శరణార్థి యువతిని, ఒక చిన్నపిల్లను కాపాడతారు. రణవిజయ్ మరణించాక నాయకత్వం అర్జున్‌ది అవుతుంది. చివరకు ‘ఎస్-21’ ‘ఘాజీ’ని టార్పెడోతో ముంచుతుంది. చిత్రం 65వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. ఈ కథలోని సంభావ్యతను నాలుగు స్థాయులలో వేరుచేసి చూడాలి.

మొదటిది వస్తుగత సంభావ్యత. ఇరుకైన లోపలి దారులు, కవాటాలు, పీడనమాపకాలు, నీటి ధ్వనిని వినే సోనార్ గది, ఆజ్ఞను తిరిగి పలికి ధ్రువీకరించే పద్ధతి వంటి వివరాలలో చిత్రం శ్రద్ధ చూపింది. కథలో ఎక్కువ భాగం ఆ లోహపు గొట్టం లోపలే నడుస్తుంది. యుద్ధచిత్రమంటే మైదానం, అశ్వాలు, సంవాదపద్యాలు అన్న తెలుగు సంప్రదాయానికి ఇది కొత్త దారి. ఇక్కడ కథ నమ్మకం కలిగిస్తుంది.

రెండవది వ్యవస్థాగత సంభావ్యత. చిత్రంలోని ప్రధాన సంఘర్షణ శత్రువుతో కంటే ఆజ్ఞతో ఎక్కువ. యుద్ధప్రకటనకు ముందు ఎదురైన శత్రునౌకపై కాల్చవచ్చునా అన్నది 1971 నవంబరులో నిజంగా ఉండగల ప్రశ్న. తూర్పు సరిహద్దులో ఘర్షణలు సాగుతున్నా బహిరంగ యుద్ధం డిసెంబరు 3న గాని మొదలుకాలేదు. కాబట్టి రణవిజయ్, అర్జున్‌ల వాదప్రతివాదాలకు చారిత్రక పునాది ఉంది. ఫెర్గూసన్ నియమానికి చిత్రం అన్నిటికంటే దగ్గరగా వచ్చిన స్థలం ఇదే.

మూడవది సంఘటనగత సంభావ్యత. ఇక్కడ చిత్రం బలహీనపడుతుంది. నీటిలో మునిగి ఉన్న ఒక జలాంతర్గామి మునిగి ఉన్న మరొకదానిని ముంచిన ఉదాహరణ యుద్ధచరిత్రలో ఒక్కటే నమోదైంది. 1945 ఫిబ్రవరి 9న నార్వే తీరాన బ్రిటిష్ ‘వెంచరర్’ జర్మన్ ‘యు-864’ను ముంచింది. అది కూడా గంటల తరబడి ధ్వనిని అనుసరించి, శత్రువు కదలికను లెక్కగట్టి, నాలుగు టార్పెడోలను వేర్వేరు లోతులకు విడవడం వల్ల సాధ్యమైంది. ‘ఘాజీ’ చిత్రంలోని ద్వంద్వయుద్ధం అసాధ్యం కాదు గాని అత్యంత విరళం. ఇక ‘ఎస్-21’ అన్న సంఖ్య కల్పితం కాదు. అది ‘కరంజ్’ జలాంతర్గామి సంఖ్య. 1971 యుద్ధంలో ‘కరంజ్’ వి.ఎస్.షెకావత్ నాయకత్వంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఈనాడు విశాఖ తీరంలో ఉన్న ‘కురుసుర’ కూడా ఆ యుద్ధంలో పశ్చిమ సముద్రంలోనే ఉంది. సినిమా చూసి ప్రదర్శనశాలకు వచ్చే సందర్శకుడు ‘కురుసుర’ను ‘ఎస్-21’గా తలపోయడానికి ఎంతో అవకాశం ఉంది. అప్పుడు పడమటి సముద్రంలోని సేవ తూర్పు తీరపు కథలో కరిగిపోతుంది.

నాలుగవది కారణగత సంభావ్యత. ఇదే అన్నిటికంటే ముఖ్యం. అందుబాటులో ఉన్న ఏ ఆధారాన్ని తీసుకున్నా ‘ఘాజీ’ వినాశానికి మూడు రకాల కారణాలు కనిపిస్తాయి. ఒకటి వంచన, రెండు యాదృచ్ఛికత, మూడు శత్రువు స్వయంకృతం. ‘రాజ్‌పుత్’ చీకటిలో నీటి కదలికను చూసి బాంబులు విడిచింది. అది తగిలిందో, అది తగలకముందే పాతర పేలిందో తేల్చడం కష్టం. ఈ అనిశ్చితిని చిత్రం తొలగించి, దాని స్థానంలో వీరసంకల్పాన్ని నిలిపింది. వంచనతో, యాదృచ్ఛికతతో గెలిచిన యుద్ధం ద్వంద్వయుద్ధంగా మారింది. ఫలితం అదే. విజయ స్వభావం వేరు.

అయితే న్యాయంగా ఒక విషయం ఒప్పుకోవాలి. చిత్రం చివరి ఘట్టంలో దెబ్బతిని కదలలేని ‘ఎస్-21’ నావికులు జాతీయగీతం ఆలపిస్తారు. ఆ ధ్వని శత్రువుకు చేరుతుంది. జలాంతర్గామిలో మౌనమే ప్రాణం. శబ్దం చేయడమంటే తమ ఉనికిని చేజేతులా చెప్పడం. పైకి ఈ ఘట్టం దేశభక్తి ప్రకటనగా కనిపిస్తుంది. లోతుగా చూస్తే శత్రువును శబ్దంతో రప్పించడమన్న సూత్రం అసలు చరిత్రలోనిదే. ‘రాజ్‌పుత్’ వైర్‌లెస్ రొదతో చేసిన పనిని చిత్రంలో గీతం చేస్తుంది. వాస్తవ ఘటనను విడిచినా దాని అంతస్సూత్రాన్ని కథ నిలుపుకున్న ఘట్టం ఇది. సానపట్టిన రత్నమన్న మాట చిత్రంలో ఇక్కడ చెల్లుతుంది.

5. చెరిగిన పాత్రలు

గుప్త చరిత్రలో ఒక తార్కిక సౌలభ్యం ఉంది. కథ జరిగినట్టు ఆధారం లేదేమని ప్రశ్నిస్తే, అది రహస్యం కాబట్టి ఆధారం లేదన్న సమాధానం కథలోనే సిద్ధంగా ఉంటుంది. ఆధారం లేకపోవడమే ఆధారమైపోతుంది. పత్రాలు ధ్వంసమైన సందర్భంలో ఈ సౌలభ్యం మరింత బలపడుతుంది. సైనిక త్యాగాలు చాలాసార్లు వెలుగులోకి రావన్నది నిజం. ఆ నిజాన్ని ఆశ్రయించి పేరులేని వీరులకు నివాళి అర్పించడం చిత్రం ఉద్దేశమని వాదించవచ్చు. ఆ వాదంలో బలముంది. కానీ ‘ఘాజీ’ ఉదంతంలో అందరూ పేరులేనివారు కారు. ఇందర్ సింగ్‌కు పేరుంది. ‘రాజ్‌పుత్’కు పేరుంది. వంచన వ్యూహం పన్నిన కృష్ణన్ తన కథ తానే రాసుకున్నారు. ఊహలోని వీరునికి విజయాన్ని కట్టబెట్టినప్పుడు పత్రాలలో పేరున్న నౌక వెనక్కు జరగక తప్పదు.

ఇంకొక వర్గం మరింత పూర్తిగా అదృశ్యమైంది. ఈ ఉదంతంలో విశాఖ నగరం ప్రేక్షకురాలు కాదు, పాత్రధారి. తెలియకుండానే వ్యూహంలో భాగమైన కాంట్రాక్టర్లు, పేలుడుకు ఉలిక్కిపడి లేచిన నగరవాసులు, శిథిలాలను చూసిన మత్స్యకారులు ఇందులో ఉన్నారు. యారాడ కొండ కొమ్ము పక్కనున్న ఇరుకైన రేవు కాలువ కూడా ఈ కథలో ఒక కారణమే. అంత సన్నని దారి ముందు మందుపాతరలు పరిస్తే పెద్ద నౌకలు కదలలేవు. ‘ఘాజీ’ అక్కడికి వచ్చిన తర్కం ఆ భూగోళంలో ఉంది. కథ జలాంతర్గామి లోపలికి వెళ్లడంతో నగరం కాపాడవలసిన పేరుగా మిగిలింది గాని కథలో పాలుపంచుకునే సమాజంగా కనిపించదు. తెలుగువారు తీసిన, తెలుగు తీరపు యుద్ధచిత్రంలో తీరప్రజలు లేకపోవడం సాంకేతిక దోషాల కంటే పెద్ద లోటు.

ఈ తరహా వివాదం ప్రపంచ సినిమాకు తెలుసు. ‘యు-571’ (2000) చిత్రంలో జర్మన్ సంకేతయంత్రం ‘ఎనిగ్మా’ను అమెరికన్లు చేజిక్కించుకున్నట్టు చూపారు. వాస్తవానికి 1941 మే 9న బ్రిటిష్ ‘బుల్‌డాగ్’ సిబ్బంది ‘యు-110’ నుండి ఆ యంత్రాన్ని సాధించారు. అప్పటికి అమెరికా యుద్ధంలోకే రాలేదు. బ్రిటిష్ పార్లమెంటులో ఈ ప్రశ్న లేచింది. ప్రధాని టోనీ బ్లెయిర్ కూడా అభ్యంతరంతో ఏకీభవించారు. చిత్రం చివర అసలు నౌకల పేర్లను తెరపై చూపారు. ‘ఘాజీ’లో విజయం ఒక దేశం నుండి మరొక దేశానికి మారలేదు. ఒకే నౌకాదళంలో ఒక నౌక నుండి మరొక నౌకకు మారింది. అందుకే ఇక్కడ అంతటి నిరసన రాలేదు. జాతీయ గౌరవానికి లోటు రానంతవరకు కారణాల మార్పు ఎవరినీ బాధించకపోవడం ఆలోచించవలసిన విషయం. విమర్శ పని అక్కడే మొదలుకావాలి.

6. ‘ఆర్.ఆర్.ఆర్.’తో పోలిక

విశాఖ మన్యం సాయుధ పోరాటంతో ముడిపడిన ‘ఆర్.ఆర్.ఆర్.’ (2022) దీనికి వ్యతిరేక మార్గం ఎంచుకుంది. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం కలిసి పోరాడినట్టు రాజమౌళి కల్పించారు. చరిత్రలో రాజు 1924 మే 7న కొయ్యూరులో బలైతే, భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. వారిద్దరూ కలిసి పోరాడిన దాఖలా లేదు. రాజును బ్రిటిష్ పోలీసు అధికారిగా చూపడం వాస్తవానికి పూర్తిగా ఎదురు. సంఘటన స్థాయిలో ఈ చిత్రానికి ఏ సంభావ్యతా లేదు.

అయినా ఒక విశేషం గమనించాలి. చిత్రంలో రాజు పోలీసుగా చేరడానికి కారణం తన ప్రజలకు తుపాకులు చేర్చడం. చరిత్రలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై, వెనువెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై రాజు జరిపిన దాడుల లక్ష్యం కూడా ఆయుధాలే. ఠాణా బయటి నుండి లోపలికి వెళ్లిన మనిషిని చిత్రం ఠాణా లోపలి నుండి బయటికి పంపింది. సంఘటన తలకిందులైనా ఆయుధం లేని ప్రజకు ఆయుధం అందించాలన్న సంకల్పం నిలిచింది.

అంతకంటే ముఖ్యమైనది ప్రేక్షకునితో కుదుర్చుకున్న ఒప్పందం. ‘ఆర్.ఆర్.ఆర్.’ తాను కల్పననని ప్రతి దృశ్యంలోనూ చాటుతుంది. పులితో పోరాడే భీంను చూసి ఎవరూ చరిత్ర పాఠమనుకోరు. ‘ఘాజీ’ కల్పననన్న ప్రకటనతో మొదలైనా, వాస్తవికత నిండిన దృశ్యరూపంతో ఆ ప్రకటనను మరపింపజేస్తుంది. అసంభావ్యమైన చిత్రం చరిత్రకు చేసే హాని తక్కువ. సంభావ్యమైన చిత్రం చేయగల హాని ఎక్కువ. వస్తుగత సంభావ్యత పెరిగేకొద్దీ కారణగత బాధ్యత కూడా పెరగాలన్న సూత్రం ఈ పోలిక నుండి తేలుతుంది. కవాటం నుండి మాపకం వరకు నమ్మించిన చిత్రం ఆ నమ్మకంతోనే కారణాన్ని కూడా అమ్ముతుంది.

7. ఉపసంహారం

దుర్వాసశాపం దుష్యంతుని కాపాడింది. అతని మరపునకు శిక్ష అతనిది కాకుండా పోయింది. ఆ మార్పుతో ఎవరి చారిత్రక హక్కూ పోలేదు, ఎందుకంటే వారు పురాణపాత్రలు. 1971 నాటి మనుషులు పురాణపాత్రలు కారు. ఆ యుద్ధంలో పాల్గొన్నవారు, వారి కుటుంబాలు నేటికీ రెండు దేశాల్లోనూ ఉన్నాయి. ప్రాచీన అలంకారికులు ప్రఖ్యాతేతివృత్తానికి ఇచ్చిన స్వేచ్ఛను సమీపచరిత్రకు యథాతథంగా వర్తింపజేయడం కుదరదు. ఔచిత్య విచారణలో కాలసామీప్యం అన్న అంశాన్ని కూడా చేర్చుకోవాలి.

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతాయి. ఒకటి, చరిత్రను మార్చి చెప్పే యుద్ధచిత్రాన్ని నిజమా, అబద్ధమా అన్న ఒకే గీటురాయిపై గీయరాదు. వస్తువు, వ్యవస్థ, సంఘటన, కారణం అన్న నాలుగు స్థాయులలో వేరువేరుగా పరీక్షించాలి. రెండు, ‘ఘాజీ’ మొదటి రెండు స్థాయులలో బలమైనది, మూడవదానిలో విరళమైనది, నాలుగవదానిలో చరిత్రకు దూరమైనది. మూడు, ఆ దూరం వల్ల కోల్పోయినది సాంకేతిక సత్యం కాదు. అనిశ్చితిని అనిశ్చితిగా అంగీకరించే వివేకం.

ఆ రాత్రి కథను ఉన్న ఆధారాలతోనే చెప్పినా అందులో నాటకీయతకు కొదువ లేదు. ‘విక్రాంత్’ వేషం కట్టిన ముసలి డిస్ట్రాయర్, అబద్ధపు సందేశం, చీకట్లో కదిలిన నీరు, గెలిచినవారికే పూర్తిగా తెలియని గెలుపు అందులో ఉన్నాయి. మరో తెలుగు దర్శకుడో నవలాకారుడో ఆ కథను చెబితే, సముద్రగర్భంలో ఉన్న శిథిలం శత్రునౌకగానే కాక 90 మందికి పైగా మనుషుల సమాధిగా కూడా కనిపిస్తుంది. విశాఖ తీరం నుండి చూస్తే ఆ రెండూ ఒకే దూరంలో ఉన్నాయి.